పీడీఎఫ్‌లు ఒక్కటిగా కలపాలంటే: ఎవరికి ఏ దారి సరిపోతుంది

ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్న పిల్లల్ని ఎవరినైనా అడగండి. అప్లికేషన్‌లో ట్రాన్‌స్క్రిప్ట్స్ దగ్గర అప్‌లోడ్ బటన్ ఒక్కటే ఉంటుంది. చేతిలో మాత్రం ఎనిమిది సెమిస్టర్ల మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), అన్నీ విడివిడి ఫైళ్లే. ఇంటి లోన్‌కి వెళ్లినవాళ్ల పరిస్థితీ అంతే, లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), ప్లాను, పన్ను రసీదులు అన్నీ ఒక్క పీడీఎఫ్‌గా పంపండి అని బ్యాంకాయన మెసేజ్ పెట్టి ఊరుకుంటాడు, ఎలా పంపాలో చెప్పడు.

అప్పుడు గూగుల్‌లో వెతికితే వందల సైట్లు, యాప్‌లు కనిపిస్తాయి, ప్రతిదీ తానే ఫ్రీ అంటుంది, తానే సేఫ్ అంటుంది. చాలామంది మొదట కనిపించినదాంట్లో ఫైళ్లు పడేసి పని కానిచ్చేస్తారు. కాలేజీ నోట్సు అయితే దానికేం ఇబ్బంది లేదు. ఆధార్, పాన్, బ్యాంక్ స్టేట్‌మెంటు అయితే మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. ఏ టూల్ గొప్పది అనే ప్రశ్న కంటే మీ ఫైళ్లలో ఏముంది, కలిపాక అవి ఎవరి చేతికి వెళ్తాయి అనే ప్రశ్నే ముందు తేలాలి, అది తేలితే టూల్ దానంతట అదే తేలిపోతుంది.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, కలిపే పని ఎక్కడ జరుగుతోంది? మీ ఫోనులో, మీ కంప్యూటర్లో జరుగుతోందా, లేక ఫైలు ఎవరి సర్వర్‌కో వెళ్లి అక్కడ కలిసి తిరిగొస్తోందా? మనలో చాలామంది ఎప్పుడూ అడగని ప్రశ్న ఇదే, నిజానికి అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

రెండోది, ఆ ఫైళ్లలో దేనికైనా డిజిటల్ సంతకం గానీ పాస్‌వర్డ్ గానీ ఉందా? ఉంటే కథ వేరు, దాని గురించి కింద వివరంగా రాశాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

మూడోది సైజు. కలపడం అంటే పేజీల్ని ఒకదాని వెనక ఒకటి పేర్చి ఒక్క పిన్ను కొట్టడం, అంతే. మూడు ఎంబీల ఫైళ్లు ఐదు కలిపితే పదిహేను ఎంబీల దాకా వస్తుంది, కలిపినంత మాత్రాన తగ్గదు. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ, చాలా అప్లికేషన్ సైట్లు అయితే ఒకటి రెండు ఎంబీలు దాటితే ఒప్పుకోవు.

నాలుగోది, పేజీల మీద మీకు ఎంత పట్టు కావాలి. మొత్తం ఫైళ్లు వరసగా పేరిస్తే చాలా, లేక ఈ ఫైల్లో మూడో పేజీ మాత్రమే, ఆ ఫైల్లో చివరి రెండు పేజీలు వదిలేసి, ఇలా ఏరుకోవాలా? చివరగా, ఈ పని ఏడాదికి ఒకసారా, రోజూనా? ఏడాదికి ఒకసారి చేసే పనికి సాఫ్ట్‌వేర్ కొనడం దండగ, రోజూ చేసేవాళ్లు ప్రతిసారీ సైట్ తెరిచి అప్‌లోడ్ చేయడం అంతకంటే దండగ.

మ్యాక్, ఐఫోన్ ఉన్నవాళ్లు: ఏమీ వెతకనక్కర్లేదు

మీ దగ్గర ఆపిల్ వస్తువు ఉంటే ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయకండి. మ్యాక్‌లో ఫైండర్‌లో ఫైళ్లు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, క్విక్ యాక్షన్స్‌లో క్రియేట్ పీడీఎఫ్ అంటే అయిపోయింది. మీరు ఏ వరసలో సెలెక్ట్ చేస్తే ఆ వరసలోనే వస్తాయి, కాబట్టి అన్నీ ఒకేసారి లాగి పట్టుకోకుండా కమాండ్ కీ నొక్కి ఒక్కొక్కటీ క్రమంలో క్లిక్ చేయండి. ఫొటోలు, పీడీఎఫ్‌లు కలగలిపి ఇచ్చినా తీసుకుంటుంది.

పేజీలు ఏరుకోవాలంటే ప్రివ్యూ ఉంది. ఒక పీడీఎఫ్ తెరిచి, పక్కన థంబ్‌నెయిల్స్ (పేజీల చిన్న బొమ్మలు) పెట్టుకుని, ఇంకో ఫైలు లేదా దాంట్లోని పేజీ లాక్కొచ్చి కావాల్సిన చోట వదిలేయడమే. కాకపోతే ప్రివ్యూకి ఒక అలవాటుంది, మీరు సేవ్ అనకపోయినా మార్పులు అసలు ఫైల్లోనే సేవ్ చేసేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందే ఫైల్ మెనూలో డూప్లికేట్ కొట్టి ఆ కాపీ మీద పని చేయండి.

ఐఫోన్‌లో ఫైల్స్ యాప్ తెరిచి, సెలెక్ట్ నొక్కి, ఫైళ్లు ఎంచుకుని, కింద మూడు చుక్కల మెనూలో క్రియేట్ పీడీఎఫ్ నొక్కండి. పేజీల వరస అటూ ఇటూ అయితే, ఆ ఫైలు తెరిచి ఎడమ పక్క థంబ్‌నెయిల్స్‌లో పేజీని వేలితో పట్టుకుని జరపొచ్చు, తిప్పొచ్చు, తీసేయొచ్చు, మధ్యలో ఇంకో ఫైలు కూడా చేర్చొచ్చు. ఇదంతా ఫోనులోనే జరుగుతుంది, బయటి సర్వర్‌తో పని లేదు. చాలామంది ఐఫోన్ చేతిలో పెట్టుకుని కూడా ఏదో యాప్‌కి నెలనెలా డబ్బులు కడుతున్నారంటే ఈ మెనూ వాళ్ల కంట పడకపోవడమే కారణం.

విండోస్ వాళ్లు: ఒక్కసారి ఇన్‌స్టాల్ చేసి వదిలేయండి

విండోస్‌లో పీడీఎఫ్‌లు కలిపే ఏర్పాటు దానితోపాటు రాదు. ఎడ్జ్‌లో తెరుచుకుంటాయి, చదవొచ్చు, గీతలు గీయొచ్చు, కలపడం మాత్రం లేదు. మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ అని ఒక ప్రింటర్ ఉంటుంది గానీ అది ఫొటోలకు పనికొస్తుంది, అంటే పది జేపీజీ ఫొటోలు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో ప్రింట్ అని, ఆ ప్రింటర్ ఎంచుకుంటే పది పేజీల పీడీఎఫ్ ఒకటి వస్తుంది. మెమోలు ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకున్నవాళ్లకు అది చాలు. ఉన్న పీడీఎఫ్‌లనే కలపాలంటే రెండు మంచి దారులున్నాయి.

ఒకటి పీడీఎఫ్‌శామ్ బేసిక్. ఫ్రీ, ఓపెన్ సోర్స్, 2006 నుంచి ఉన్నది, విండోస్‌తో పాటు మ్యాక్, లైనక్స్‌లోనూ నడుస్తుంది, నెట్ లేకుండా పని చేస్తుంది. చూడటానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, ఫైళ్లన్నీ ఒక పట్టికలా కనిపిస్తాయి, ప్రతి ఫైలు పక్కనా ఏ పేజీలు కావాలో రాసే గడి ఉంటుంది, 1-3,7 అని రాస్తే ఆ పేజీలే తీసుకుంటుంది. ప్రతి ఫైలుకీ ఒక బుక్‌మార్కు పెట్టమనొచ్చు, ఫైలు పేర్లతో విషయసూచిక పేజీ తయారు చేయమనొచ్చు. ఒక ఫైల్లో పేజీలు బేసి సంఖ్యలో ఉంటే తర్వాత ఖాళీ పేజీ చేర్చమనే ఆప్షన్ కూడా ఉంది, రెండు వైపులా ప్రింట్ తీసేటప్పుడు ఒక డాక్యుమెంటు వెనకవైపు ఇంకో డాక్యుమెంటు మొదలవకుండా అదొక్కటే కాపాడుతుంది.

దీంట్లో ఆల్టర్నేట్ మిక్స్ అని ఇంకో సదుపాయం ఉంది, పాత దస్తావేజులు స్కాన్ చేసేవాళ్లకు బంగారం. ఒకవైపే చదివే ఫీడర్ స్కానర్లో ముందు అన్ని కాగితాల పై వైపు స్కాన్ చేస్తారు, తర్వాత కట్ట తిప్పి వెనక వైపు చేస్తారు. అలా చేస్తే ఒక ఫైల్లో 1, 3, 5 పేజీలు, ఇంకో ఫైల్లో 6, 4, 2 ఉంటాయి. ఆల్టర్నేట్ మిక్స్‌లో రెండో ఫైలుకి రివర్స్ టిక్ పెడితే 1, 2, 3, 4 అని అల్లేసి ఇస్తుంది. ముప్పై పేజీల సేల్ డీడ్ చేత్తో సర్దాలంటే ఎంతసేపు పడుతుందో ఒకసారి చేసినవాళ్లకే తెలుసు. ఇక దీంట్లో లోటు ఏమిటంటే స్కాన్ బొమ్మల సైజు తగ్గించే పని చేయదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డబ్బులు పెట్టి కొనాల్సిన ఇంకో వెర్షన్ ట్రయల్ కూడా పెట్టమంటారా అని టిక్ కనిపిస్తే తీసేయండి.

రెండోది పీడీఎఫ్24 క్రియేటర్, జర్మనీ వాళ్లది, విండోస్‌కి మాత్రమే, ఇదీ ఫ్రీనే, ఆఫీసు పనికి వాడినా ఫ్రీనే. కలపడం, విడగొట్టడం, సైజు తగ్గించడం, ఫొటోలు పీడీఎఫ్ చేయడం అన్నీ ఒకే చోట పెద్ద పెద్ద బటన్లతో ఉంటాయి, పేజీల బొమ్మలు చూస్తూ మౌసుతో జరపొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పాలంటే నేను ఇదే పెడతాను. ఒక్క జాగ్రత్త, వీళ్లకే అదే పేరుతో వెబ్‌సైట్ కూడా ఉంది, అది వేరే సంగతి, అక్కడ ఫైలు వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసింది మాత్రమే ఆఫ్‌లైన్.

ఆన్‌లైన్ సైట్లు: తేలికే, కానీ ఫైలుని బట్టి

ఐలవ్‌పీడీఎఫ్, స్మాల్‌పీడీఎఫ్, సేజ్‌డా, అడోబీ వాళ్ల సొంత ఆన్‌లైన్ పేజీ. ఇవన్నీ ఏళ్ల తరబడి ఉన్నవే, పేరున్నవే, మోసం చేసేవి కావు. ఫైళ్లు లాగి పడేయడం, వరస సర్దడం, కలిపి డౌన్‌లోడ్ చేసుకోవడం, ఆండ్రాయిడ్ ఫోనులోనూ క్రోమ్ తెరిచి ఇదే పని చేయొచ్చు. రెండు గంటల తర్వాత ఫైళ్లు తమ సర్వర్ల నుంచి చెరిపేస్తామని ఐలవ్‌పీడీఎఫ్ చెబుతుంది, మిగతావాళ్లూ దాదాపు అలాంటి మాటే చెబుతారు. నమ్మొచ్చు. కానీ ఆ రెండు గంటలూ మీ ఫైలు మీ చేతిలో లేదన్నది కూడా నిజమే.

అసలు భయం వీటితో కాదు, వీటిలా కనిపించే వాటితో. 2025 మార్చిలో అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫ్రీగా ఫైళ్లు మారుస్తాం, బొమ్మలన్నీ కలిపి పీడీఎఫ్ చేస్తాం అనే నకిలీ సైట్లు చెప్పిన పని చేసిపెడుతూనే, తిరిగిచ్చే ఫైలుతో పాటు కంప్యూటర్లోకి వైరస్ పంపుతున్నాయని, అప్‌లోడ్ చేసిన వాటిలోంచి వ్యక్తిగత వివరాలు లాగేస్తున్నాయని దాని సారాంశం. పని జరుగుతుంది కాబట్టి అనుమానం రాదు, అదే దాంట్లో మాయ. కాబట్టి గూగుల్‌లో పైన ప్రకటనగా వచ్చిన లింకు నొక్కకండి, తెలిసిన సైటు అడ్రస్ మీరే టైప్ చేయండి, పీడీఎఫ్ కలపమంటే ఈఎక్స్ఈ (ప్రోగ్రామ్ ఫైలు) గానీ జిప్ గానీ దిగితే తెరవకుండా చెరిపేయండి.

కొన్ని సైట్లు ఫైలు ఎక్కడికీ పంపం, మీ బ్రౌజర్లోనే కలిపేస్తాం అంటాయి. అది నిజమో కాదో చూడ్డానికి తేలికైన పరీక్ష ఉంది. సైటు పేజీ పూర్తిగా తెరుచుకున్నాక వైఫై, డేటా రెండూ ఆపేసి అప్పుడు ఏవైనా పనికిరాని రెండు ఫైళ్లు ఇచ్చి కలపమనండి. కలిస్తే చెప్పింది నిజం. ఎర్రర్ వస్తే మీ ఫైలు వాళ్ల సర్వర్‌కి వెళ్తోందనే అనుకోండి.

నా లెక్కలో నోట్సు, సిలబస్, పెళ్లి కార్డులు, సొసైటీ మీటింగు కాగితాలు, ఎవరు చూసినా ఫరవాలేనివన్నీ ఇక్కడ హాయిగా కలుపుకోవచ్చు. గుర్తింపు కార్డులు, జీతం స్లిప్పులు, మెడికల్ రిపోర్టులు, దస్తావేజులు ఇక్కడికి తేకపోవడమే మంచిది.

ఆండ్రాయిడ్ యాప్‌లు

ఆండ్రాయిడ్‌లో ఐఫోన్ లాంటి ఏర్పాటు దానితోపాటు రాదు కాబట్టి యాప్ కావాలి, ఇక్కడే గందరగోళం ఎక్కువ. ప్లే స్టోర్‌లో ఉంటే చాలు సేఫ్ అనుకోకండి. 2019 ఆగస్టులో కాస్పర్‌స్కీ అనే కంప్యూటర్ భద్రత కంపెనీ వాళ్లు, కాగితాలు స్కాన్ చేసే క్యామ్‌స్కానర్ ఆండ్రాయిడ్ యాప్‌లో హానికరమైన కోడ్ ఉందని బయటపెడితే గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది, అప్పటికే అది కోట్లమంది ఫోన్లలో ఉంది. తర్వాత 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో అదీ ఒకటి.

కాగితాలు చేతిలోనే ఉంటే అసలు కలిపే పనే పెట్టుకోకండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ ఉంది, మొదటి పేజీ తీశాక బయటికి రాకుండా వరసగా మిగతా పేజీలన్నీ తీసేయండి, ఒకటే పీడీఎఫ్ అవుతుంది. ఒక్కో మెమో ఒక్కో ఫైలుగా స్కాన్ చేసి, తర్వాత కలపడానికి యాప్ కోసం వెతకడం మనం కోరి తెచ్చుకునే టెన్షన్. ఫైళ్లు ముందే ఉన్నాయి, కంప్యూటర్ లేదు అంటే ఏదైనా యాప్ వేసుకోండి, కానీ ఫ్లైట్ మోడ్‌లో పని చేస్తుందో లేదో చూడండి, కాంటాక్టులు, లొకేషన్ అడిగితే దాన్ని వెంటనే తీసేయండి. పీడీఎఫ్‌లు కలపడానికి మీ కాంటాక్టులతో దానికేం పని?

నెట్ సెంటర్, జిరాక్స్ షాపు

దీన్ని ఏ గైడులోనూ రాయరు, కానీ మన ఊళ్లలో సగం పీడీఎఫ్‌లు కలిసేది ఇక్కడే. షాపాయన నంబరుకి వాట్సాప్ చేస్తే ఆయన కలిపి, సైజు తగ్గించి, అప్లికేషన్‌లో కూడా పెట్టేసి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుంటాడు. ఏ సైట్లో ఎంత సైజు ఒప్పుకుంటుందో ఆయనకి కంఠతా వచ్చి ఉంటుంది. కంప్యూటర్ రానివాళ్లకు, గడువు ఇవాళే అయినవాళ్లకు ఇది మంచి దారే, తక్కువ చేసి చూడక్కర్లేదు.

కాకపోతే మీ ఆధార్, మెమోలు, ఫొటో, సంతకం అన్నీ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో, ఆయన వాట్సాప్‌లో మిగిలిపోతాయి, మీ తర్వాత వచ్చినవాళ్లకి ఆ ఫోల్డర్ తెరిచే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అక్కడే పని చేయించుకుని, డౌన్‌లోడ్స్ లోంచి, రీసైకిల్ బిన్ లోంచి మీ ముందే తీసేయమని అడగండి. మొహమాటపడకండి, పాతకాలం నుంచి షాపు నడిపేవాళ్లు ఏమీ అనుకోరు. పూర్తి ఆధార్ నంబరు అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ తీసుకెళ్లండి, దాంట్లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

డబ్బులు పెట్టే అక్రోబాట్, కమాండ్ లైను

అక్రోబాట్ ప్రో నెలవారీ చందా. పీడీఎఫ్‌ని పుట్టించినవాళ్లే అడోబీ వాళ్లు కాబట్టి (1993లో, తర్వాత 2008లో అది ఐఎస్ఓ ప్రమాణం అయింది) ఏ ఫైలిచ్చినా దాదాపు తప్పు లేకుండా కలుపుతుంది, వర్డు, ఎక్సెల్ ఫైళ్లను కూడా అప్పటికప్పుడు మార్చి చేరుస్తుంది, పేజీలన్నిటికీ వరస నంబర్లు వేస్తుంది. వకీళ్ల ఆఫీసులకు, వందల పేజీల పేపర్ బుక్కులు బుక్‌మార్కులతో, పేజీ నంబర్లతో తయారు చేయాల్సిన వాళ్లకు ఆ చందా గిట్టుబాటు అవుతుంది. ఎమ్మెస్ అప్లికేషన్ కోసం కొనడం మాత్రం అనవసరం.

లైనక్స్ వాడేవాళ్లకు, కంప్యూటర్లో ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర (కమాండ్ లైను) చూసి భయపడనివాళ్లకు పీడీఎఫ్‌యునైట్, క్యూపీడీఎఫ్ ఉన్నాయి. ఫైళ్ల పేర్లు వరసగా ఇస్తే కలిపేస్తాయి. స్కూలు ఆఫీసులో ప్రతి విద్యార్థికీ నాలుగేసి కాగితాలు కలిపి ఒక్కో ఫైలు చేయాలి, అలాంటి విద్యార్థులు మూడొందల మంది అంటే ఇంకే దారీ దీనికి సాటి రాదు, ఒక చిన్న స్క్రిప్టు రాస్తే టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. పీడీఎఫ్‌యునైట్‌తో ఒక్క ప్రమాదం ఉంది. దానికి చివర ఇచ్చిన పేరే కొత్త ఫైలు పేరు. కొత్త పేరు ఇవ్వడం మరిచిపోయి ఉన్న ఫైళ్ల పేర్లే వరసగా ఇచ్చేస్తే చివరి ఫైలు మీద రాసేస్తుంది, అడగదు కూడా. క్యూపీడీఎఫ్ పాస్‌వర్డు తెలిసిన ఫైళ్ల తాళం తీయడానికి కూడా పనికొస్తుంది.

ఒక్క చూపులో

| దారి | ఫైలు ఎక్కడుంటుంది | ఖర్చు | పేజీల మీద పట్టు | సైజు తగ్గిస్తుందా |
|---|---|---|---|---|
| మ్యాక్ ప్రివ్యూ, ఐఫోన్ ఫైల్స్ | మీ దగ్గరే | లేదు | బాగుంది | ప్రివ్యూలో ఉంది కానీ అక్షరాలు బాగా మసకబారతాయి |
| పీడీఎఫ్‌శామ్ బేసిక్ | మీ దగ్గరే | లేదు | అన్నిటికంటే ఎక్కువ | లేదు |
| పీడీఎఫ్24 క్రియేటర్ | మీ దగ్గరే | లేదు | బాగుంది | అవును |
| పేరున్న ఆన్‌లైన్ సైట్లు | వాళ్ల సర్వర్లో కొంతసేపు | కొంతవరకు ఫ్రీ | బాగుంది | అవును, వేరే బటన్ |
| ఆండ్రాయిడ్ యాప్‌లు | యాప్‌ని బట్టి | ఫ్రీ, యాడ్స్ | అంతంతమాత్రం | కొన్నిట్లో |
| జిరాక్స్ షాపు | షాపు కంప్యూటర్లో, వాట్సాప్‌లో | పదులలో | ఆయన ఓపిక | అవును |
| అక్రోబాట్ ప్రో | మీ దగ్గరే | నెలవారీ చందా | చాలా ఎక్కువ | అవును |
| కమాండ్ లైను | మీ దగ్గరే | లేదు | రాసుకున్నంత | వేరే టూల్ కావాలి |

డిజిటల్ సంతకం ఉన్నవి కలపొద్దు

ఈ-ఆధార్, ఫారం 16, మీసేవ సర్టిఫికెట్లు, ఇలా ఇప్పుడు చాలా కాగితాలు డిజిటల్ సంతకంతో వస్తున్నాయి. ఆ సంతకం పేజీ మీద కనిపించే ముద్ర కాదు, ఆ ఫైలు మొత్తానికి వేసిన తాళం. ఫైల్లో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదని చూపించడానికే అది ఉంది. ఇంకో ఫైలుతో కలిపితే పుట్టేది కొత్త ఫైలు, దానికి ఆ తాళం అతకదు. పేజీ మీద ముద్ర బొమ్మ మిగలొచ్చు, ఒక్కోసారి అదీ మాయమవుతుంది, సంతకం మాత్రం ఉండదు. ఇది ఏ టూల్ లోపమూ కాదు, ఎంత ఖరీదైనది కొన్నా ఇంతే.

అవతలివాళ్లు ఆ సంతకం చెక్ చేస్తారా లేదా అన్నదే చూసుకోవాలి. కేవలం చదివి పక్కన పెట్టేవాళ్లయితే కలిపినా నడుస్తుంది. వెరిఫై చేసేవాళ్లయితే ఆ ఫైలు విడిగానే పంపండి. ఒక్క అప్‌లోడే ఉంటే కలిపినది పెట్టి, అసలు ఫైలు మెయిల్‌లో పంపనా అని అడగండి. అక్రోబాట్‌లో పోర్ట్‌ఫోలియో అని ఒకటి ఉంది, ఫైళ్లని కలపకుండా ఒక సంచిలో వేసినట్టు అలాగే ఉంచుతుంది, సంతకాలు కూడా చెడవు. కానీ దాన్ని బ్రౌజర్లో తెరిస్తే సరిగా కనిపించదు, అక్రోబాట్‌లో తెరవండి అనే పేజీ ఒకటే వస్తుంది. అప్లికేషన్ సైట్లకు అది పనికిరాదు.

పాస్‌వర్డు సంగతి దీనికంటే తేలిక. ఈ-ఆధార్‌కి పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, తర్వాత పుట్టిన సంవత్సరం. బ్యాంక్ స్టేట్‌మెంట్లకు ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. పాస్‌వర్డుతో క్రోమ్‌లో తెరిచి, ప్రింట్‌లో సేవ్ యాజ్ పీడీఎఫ్ అంటే తాళం లేని కాపీ వస్తుంది, దాన్ని కలుపుకోవచ్చు. ఇలా చేసినా డిజిటల్ సంతకం పోతుంది. పని అయ్యాక ఆ తాళం లేని కాపీని ఫోనులో అలాగే వదిలేయకండి. పాస్‌వర్డు తీసిపెడతాం అనే ఆన్‌లైన్ సైట్లలో మాత్రం బ్యాంక్ స్టేట్‌మెంటు పెట్టకండి, తాళం వేసిన ఫైలూ తాళంచెవీ రెండూ ఒకరికే ఇచ్చినట్టవుతుంది.

తెలుగు అక్షరాలున్న ఫైళ్లు

కలపడం వల్ల తెలుగు చెడదు. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేసిన కరపత్రమైనా, యూనికోడ్‌లో చేసినదైనా కలిపాక అలాగే కనిపిస్తుంది. చెడేది మార్చినప్పుడు. పీడీఎఫ్‌ని వర్డులో తెరిచి, ఇంకోదాన్ని దాని కింద అతికించి, మళ్లీ పీడీఎఫ్ చేసేవాళ్లున్నారు. లిబ్రేఆఫీస్ డ్రాలో తెరిచి చేసేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లిష్ అయితే ఎలాగో గట్టెక్కుతుంది, తెలుగు అయితే వత్తులు ఒక చోట, గుణింతాలు ఒక చోట పడి చదవడానికి లేకుండా పోతుంది. పై పట్టికలో ఉన్న దారులు వాడితే ఈ బాధ లేదు.

సరే, మీరు ఏది తీసుకోవాలి?

విదేశీ యూనివర్సిటీలకు అప్లై చేసేవాళ్లు ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్24 వేసుకోండి, ఈ సీజన్లో ఇరవై సార్లు కలపాల్సి వస్తుంది, సైజు కూడా తగ్గించాల్సి వస్తుంది. ఇంటి కాగితాలు, లింక్ డాక్యుమెంట్లు స్కాన్ చేసేవాళ్లు పీడీఎఫ్‌శామ్, ఆల్టర్నేట్ మిక్స్ ఒక్కదానికైనా. ఐఫోన్ ఉంటే ఏమీ వద్దు. ఆండ్రాయిడ్ మాత్రమే ఉండి కాగితాలు చేతిలో ఉంటే డ్రైవ్ స్కాన్. ఆడిటర్ దగ్గర పని చేసేవాళ్లు, స్కూలు, కాలేజీ ఆఫీసుల వాళ్లు ఒక పూట కూర్చుని క్యూపీడీఎఫ్ నేర్చుకుంటే ఏడాదంతా మిగులుతుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నల చేత వీసా కాగితాలు కలిపించాలనుకునేవాళ్లు ఫోన్లో వాళ్లకి మెనూలు చెప్పి విసుక్కునే బదులు, విడివిడిగా ఫొటోలు పంపమని అడిగి మీరే మీ కంప్యూటర్లో కలుపుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, ఫొటోగా పంపితే అది నాణ్యత తగ్గించేస్తుంది.

సైజు గురించి ఇంకో మాట. కలిపాక పది ఎంబీలు వచ్చిందని కంప్రెస్ మీద కంప్రెస్ కొడితే మెమోలో మార్కులు కూడా మసకబారతాయి. 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) కలర్లో స్కాన్ చేసిన ఏ4 పేజీని 150లో స్కాన్ చేస్తే చుక్కల సంఖ్య నాలుగో వంతుకి పడిపోతుంది, అక్షరాలు అప్పటికీ చదవొచ్చు. కాబట్టి వీలైతే తక్కువ డీపీఐలో మళ్లీ స్కాన్ చేయడమే శుభ్రమైన దారి, బ్లాక్ అండ్ వైట్ కాగితాన్ని కలర్లో స్కాన్ చేయడం ఎలాగూ అనవసరం.

పంపే ముందు

ఫైళ్లకు 1, 2, 10 అని పేర్లు పెడితే చాలా టూల్స్ 1, 10, 2 అని వరస పెడతాయి. 01, 02, 10 అని పెట్టండి. కలిపాక మొత్తం పేజీలు లెక్క సరిపోయాయా, పక్కకి తిరిగిన పేజీలున్నాయా చూడండి. ఫోను ఫొటోల నుంచి చేసిన పేజీలు ఒక్కోసారి ఏ4 కంటే ఎన్నో రెట్లు పెద్దవిగా ఉంటాయి, తెర మీద తెలియదు, ప్రింట్‌కి వెళ్లినప్పుడు బయటపడుతుంది. పీడీఎఫ్‌శామ్‌లో అన్ని పేజీల వెడల్పు ఒకటి చేసే ఆప్షన్ ఉంది.

కొత్త ఫైలుని వేరే చోట కూడా తెరిచి చూడండి, కంప్యూటర్లో చేస్తే ఫోనులో, ఫోనులో చేస్తే కంప్యూటర్లో. క్రోమ్‌లో తెరిచినప్పుడు పైన ట్యాబ్ మీద ఏ పేరు కనిపిస్తోందో కూడా గమనించండి. మీరు ఫైలుకి ఎంత చక్కటి పేరు పెట్టినా, కలిపిన వాటిలో మొదటి ఫైలు లోపల దాగున్న పాత టైటిల్ కొన్నిసార్లు అక్కడ ప్రత్యక్షమవుతుంది. డల్లస్ యూనివర్సిటీకి పంపే ఫైలు మీద చికాగో యూనివర్సిటీకి రాసిన ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) టైటిల్ కనిపిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆ టైటిల్ మార్చేసి, అప్పుడు అప్‌లోడ్ చేయండి.